పరగడుపున

బానెట్ మీద అరచెయ్యి ఆనించి
వెంటనే వెనక్కి తీసుకున్నాడు మునిరత్నం.
"కాఫీ తాగేసింది మేడమ్. రేపొద్దాం."

నీలాంగరైలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
పంతొమ్మిది లక్షలు చెప్పిన ఎర్ర బండి.
మేం రాకముందే తిప్పి, వేడి చేసి, తుడిచి పెట్టారు.
"కడిగించాను, అందుకే స్టార్ట్ చేశా," అంటున్నాడు కపిలన్.
మునిరత్నం తువ్వాలు దులుపుకుని
"రాత్రంతా ముట్టుకోవద్దు సార్,
పరగడుపున చూపించండి" అన్నాడు.

ఆ మాట నాది.
ఇరవై రెండేళ్ళుగా సాయంత్రాలు వార్డుల్లో తిరుగుతూ
రేపు కొయ్యబోయే ప్రతి మనిషికీ చెప్పేది.
మత్తు డాక్టర్ని నేను.

ఈ వయసులో ఇదేం సరదా అని అందరూ అడిగారు.
రెండే సీట్లు, మూడోవాళ్ళెక్కడ కూర్చుంటారని మా వదిన.
మూడోవాళ్ళు కూర్చోలేకపోవడమే దాని అందమని
ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు ఆరింటికి పుదుప్పేట నుంచి బస్సులో దిగాడు,
సంచిలో టార్చి, అద్దం ముక్క, ఓ అయస్కాంతం.
చెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. తలాడించాడు.

తాళం తిప్పగానే మూడు సెకన్లు
డబ్బాలో గులకరాళ్ళు ఆడించిన చప్పుడు,
ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు గురగుర.
ఆ గురగురకే నా ఒళ్ళు జలదరించింది.
అతను మాత్రం ఇంకా ఆ మూడు సెకన్ల దగ్గరే ఉన్నాడు,
కళ్ళు మూసుకుని.
కపిలన్ మైలేజీ గురించి ఏదో చెబుతున్నాడు.
ఛాతీ మీద స్టెత్ పెట్టినప్పుడు
చుట్టాల మాటలు నాకూ వినపడవు.

ఎడమ తలుపు మీద అయస్కాంతం నిలవలేదు.
"లప్పం" అన్నాడు.
డిక్కీలో కార్పెట్ ఎత్తి, బోల్టు సందులోంచి
గోటితో ఎండిన బురద గీకి, వాసన చూసి
"వేళచ్చేరి" అన్నాడు.

కపిలన్ చెప్పులకేసి చూసుకున్నాడు.
"నేను కొనకముందు సంగతి సార్ అది. నాకూ చెప్పలేదు."
అబద్ధం అనిపించలేదు.
ఒకరు దాచింది ఇంకొకరు కొనుక్కుని
తెలియకుండానే దాస్తారు.

నా ప్రిస్క్రిప్షన్ పుస్తకం వెనక అట్ట మీద
మునిరత్నం లెక్క రాశాడు.
క్లచ్చు రెండు లక్షల పది.
టైర్లు నాలుగూ పోయాయి, ముందువీ వెనకవీ ఒక కొలత కాదు,
అటువి ఇటు వేసుకుందామన్నా కుదరదు.
గేరు పెట్టె నూనె మార్చినట్టు కాగితం లేదు,
కాగితం లేదంటే మార్చలేదనే.
వైరింగు ఎదురుగా మాత్రం
ఓ సున్నా చుట్టి, దాని ముందు ఖాళీ వదిలేశాడు.

"ఏనుగు కొనేవాళ్ళు అంకుశం దగ్గర బేరమాడతారు మేడమ్.
మేత సంగతి ఎవరూ అడగరు."

"కొనమంటావా?"
"కొనమనను. వద్దనను. ఇంత అవుతుందంటాను."

రోగి కొడుకులతో నేననేదీ అంతే. నూటికి ఇంత.
ఆపైన కాగితం వాళ్ళవైపు తిప్పి, పెన్ను చేతికిస్తాను.
ఆ పెన్ను అందుకున్న వేళ్ళు
ఎందుకంత సేపు తచ్చాడతాయో
నీలాంగరైలో ఆ గేటు దగ్గర నిలబడ్డాక తెలిసింది.

"రెండు తగ్గిస్తా" అన్నాడు కపిలన్.
"చూసి చెప్తాను" అన్నాను.
తిరుగుదారిలో నా పాత బండిలో కూర్చుని
"బెల్టు అరుస్తోంది దీనికి" అన్నాడు మునిరత్నం,
కిటికీలోంచి బయటకి చూస్తూ.

తొమ్మిదింటికి మొదటి కేసు, పిత్తాశయం.
అట్ట ముక్క జేబులోనే ఉంది.
"రాత్రి నుంచి ఏమీ తీసుకోలేదు కదా?"
పెద్దాయన పైన దీపాలకేసి చూస్తూ
"ఏమీ లేదమ్మా" అన్నాడు.

నేను కదల్లేదు. ఆయన మణికట్టు వదల్లేదు.

"అర గ్లాసు..." అన్నాడు కాసేపటికి,
"కాఫీ."

రేపటికి మార్చమని
సిస్టర్‌కి సైగ చేశాను.